తన కథను తానే నటించిన యోధుడు: ఆడీ మర్ఫీ

రజతోత్సవ సంచికకు చరిత్రవ్యాసమొకటి వ్రాయుమని మన గ్రంథాలయ కార్యదర్శిగారు కోరినప్పుడు, కాకతీయులను గూర్చియో రెడ్డిరాజులను గూర్చియో వ్రాయుదునని వారనుకొనియుందురు. ఆ విషయములపై వ్రాయగలవారు, నాకంటె బాగుగ తెలిసినవారు, పెక్కుమంది కలరు. నేనెన్నుకొన్న మనుజుడు మన దేశమువాడు కాడు, రాజును కాడు. అమెరికా దేశమున, టెక్సాసు రాష్ట్రమునందు, పరుల భూమిని కోరుపాలుకు దున్నిన కుటుంబమున పుట్టినవాడు. రెండవ ప్రపంచయుద్ధమున తన దేశమిచ్చు శౌర్యపతకములలో అత్యున్నతమైనదానిని పొంది, అటుపిమ్మట 20 ఏండ్లు చలనచిత్రములలో నటించినవాడు. పేరు ఆడీ మర్ఫీ.

యోధుడు వేషము కట్టుట మనకు క్రొత్త గాదు. విరాటుని కొలువున అర్జునుడు బృహన్నలయై ఉత్తరకు నాట్యము నేర్పెను గదా. కాని ఆ వేషము తన్ను దాచుకొనుటకు వేసినది. మర్ఫీ వేసిన వేషములలో ముఖ్యమైనది తన వేషమే. తాను చంపిన చోటును, తన మిత్రుడు చచ్చిన చోటును మరల కల్పించి, యంత్రము నెదుట నిలుపుకొని, తానే నడచి, తానే కాల్చి చూపెను. అట్లు చేసినవానికి లోపల నేమి జరిగెనో తెలిసినంత చెప్పవలెనని నా తలంపు.

మర్ఫీ 1925 జూన్ 20వ తేదీన హంటు జిల్లాలోని కింగ్‌స్టన్ అను పల్లె వద్ద జన్మించెను. 12 మంది సంతానములో 7వవాడు. తండ్రి అప్పుడప్పుడు ఇల్లు విడిచి పోవుచు, తుదకు ఒకసారి పోయి మరలి రాలేదు. బాలుడు 5వ తరగతితో చదువు మాని ప్రత్తి తీయుటకు పోయెను. దినమునకు ఒక డాలరు కూలి. ఇంటిలో కూరకు లేనప్పుడు తుపాకి పట్టి కుందేళ్లను, ఉడుతలను వేటాడెడివాడు. గుండ్లు కొనుటకు డబ్బు కొరత గనుక, గురి తప్పుట ఆ యింట నష్టము క్రింద లెక్క. తరువాత లోకము మెచ్చిన గురి ఈ విధముగ ఆకలివలన నేర్చినది. 1941 మే నెలలో తల్లి మరణించెను. ఇంటిలోని చిన్నపిల్లలను అనాథశరణాలయమున చేర్చవలసివచ్చెను.

ఆ సంవత్సరము డిసెంబరులో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. మర్ఫీ సైన్యమునకు పోవుటకు తొందరపడెను. ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు, బరువు 112 పౌనులు. నౌకాదళపు పదాతులు, విమానములనుండి దుమికెడి దళమువారు, ఇంత అల్పకాయుడు పనికిరాడని త్రిప్పి పంపిరి. వయస్సును చాలలేదు. అప్పుడు అతని అక్క, తమ్ముడు 1924లో పుట్టెనని కాగితము వ్రాసి యిచ్చెను. దానిపై 1942 జూన్ నెలాఖరున సాధారణ పదాతిదళమున చేరెను. అప్పటికి 17 ఏండ్లు నిండి పది దినములే. లెక్కలు వ్రాయువానికి ఇచట ఒక మాట చెప్పకుండ పోబుద్ధి కాదు: ఒకసారి రికార్డున కెక్కిన అంకెను దిద్దుట బ్రహ్మకును తరము గాదు. ఆర్లింగ్టను శ్మశానవాటికలోని ఆయన సమాధిశిలపై జన్మసంవత్సరము 1924 అనియే చెక్కబడియున్నది.

1943 ఫిబ్రవరిలో 3వ పదాతి డివిజనుతో ఉత్తరాఫ్రికాకు పోయెను. అచట యుద్ధమంతగా చూడలేదు. జులైలో సిసిలీ ద్వీపమున దిగినది మొదలు అసలు కథ. అక్కడనుండి ఇటలీ ప్రధానభూమికి, 1944 జనవరిలో ఆంజియో తీరమునకు, జూన్‌లో రోము నగరమునకు. నడుమ మలేరియా జ్వరము పలుమారులు పడవేసెను. ఆ యేడు ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆంజియోకు తూర్పున, కొండల నడుమ కసీనో వద్ద మన భారతసైన్యపు 4వ డివిజను పోరాడుచుండెను. ఇటలీ యుద్ధము మనకు పరాయి కథ గాదని చెప్పుటకే ఈ మాట.

1944 ఆగస్టు 15వ తేదీన అమెరికా సైన్యము దక్షిణ ఫ్రాన్సు తీరమున దిగెను. రమతుయెల్ అను గ్రామము వద్ద, ద్రాక్షతోటల మీదుగా పోవుచుండగా, కొండపైనుండి జర్మనులు కాల్చిరి. మర్ఫీకి ప్రాణమిత్రుడు లాటీ టిప్టన్ అనువాడు ప్రక్కన నుండెను. వయస్సున పెద్దవాడు, బిడ్డ తండ్రి. జర్మనులు లొంగిపోవునట్లు సంజ్ఞ చేయగా, నమ్మి లేచి నిలువబడెను. వెంటనే కాల్చి చంపిరి. మర్ఫీ ఒంటరిగ ముందునకు దూకి, శత్రువుల మరతుపాకినే తీసికొని ఆ గుట్టనంతయు ఊడ్చివేసెను. దీనికి సైన్యము తన రెండవ పెద్ద పతకము నిచ్చెను. పతకమెంత పెద్దదైనను, టిప్టన్ కథ మర్ఫీ జీవితమున అంతటితో ముగియలేదు. తరువాత మరల చెప్పవలసియుండును.

అక్టోబరులో అతనిని యుద్ధభూమిలోనే లెఫ్టినెంటును చేసిరి. కొలదిదినములకే తుంటిలో గుండు తగిలి రెండు నెలలకు పైగా ఆసుపత్రిలో నుండెను. తిరిగివచ్చునప్పటికి సైన్యము ఫ్రాన్సు తూర్పుకొసను, కొల్మార్ నగర ప్రాంతమున, మోకాలిలోతు మంచులో నుండెను. 1945 జనవరి 26వ తేదీన హోల్ట్‌స్‌విర్ అను గ్రామము ముందు జరిగిన పోరాటమే అతనిని చరిత్ర కెక్కించినది.

ఆనాడు 6 ట్యాంకులును, వాని వెంట తెరలు తెరలుగ పదాతులును వచ్చిరి. మర్ఫీ దళమున మిగిలినవారు కొద్దిమంది. వారినందరను వెనుకనున్న అడవిలోనికి పొమ్మని, తాను టెలిఫోను పట్టుకొని అచటనే నిలిచి, ఎచ్చట గుండ్లు వేయవలెనో వెనుకనున్న శతఘ్నులవారికి చెప్పుచుండెను. సమీపమున, ట్యాంకులను ఛేదించుటకు తెచ్చిన శకటమొకటి గుండు తగిలి మండుచుండెను. లోపల చమురు, మందుగుండు. ఏ నిమిషమున పేలునో తెలియదు. మర్ఫీ దానిపైకెక్కి, దాని మరతుపాకిని త్రిప్పి కాల్చసాగెను. మూడు వైపుల శత్రువులు. వారిలో కొందరు 10 గజముల దూరమునకు వచ్చిరి. కాలికి గాయమైనను దిగలేదు. ఇట్లు సుమారొక గంట. గుండ్లు నిండుకొన్న పిమ్మట దిగి తన దళమును చేరి, గాయమునకు కట్టు కట్టించుకొనుట కొప్పక, వారిని కూడగట్టుకొని ఎదురుదాడి చేసెను.

పతకముతో నిచ్చిన ప్రశస్తిపత్రము ఆ దినమున మర్ఫీ చంపినవారును గాయపరచినవారును సుమారు 50 మంది యని చెప్పుచున్నది. యుద్ధమంతటను 240 మందిని చంపెనని పత్రికలు పలుమారులు వ్రాసినవి. ఆ అంకెపై నాకు గౌరవము లేదు. పీనుగులను లెక్కించుటకు ఏ చిట్టాయు పెట్టినవారు లేరు. మర్ఫీయు ఆ లెక్క చెప్పుకొని గర్వించినవాడు గాడు. ఒంటరిగ ఎందులకు నిలిచితివని అడుగగా, వారు తన మిత్రులను చంపుచుండిరని మాత్రము చెప్పెనని ప్రసిద్ధి.

1945 జూన్ 2వ తేదీన ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గు వద్ద మెడల్ ఆఫ్ ఆనర్ అను పతకమును అతని మెడలో వేసిరి. ఇంకను 20 ఏండ్లు నిండలేదు. జులై 16వ తేదీ లైఫ్ పత్రిక ముఖచిత్రముగ అతని ఫోటో వచ్చెను. నవ్వుచున్న ముఖము, చిన్నపిల్లవాని బుగ్గలు. హాలీవుడ్‌లో పేరొందిన నటుడు జేమ్స్ కాగ్నీ ఆ చిత్రమును చూచి, ఈ కుఱ్ఱవాడు తెరకు పనికివచ్చునని పిలిపించెను. పిలిపించి నటన, ఉచ్చారణ నేర్పించెనే గాని వేషమీయలేదు. 1947లో వారు విడిపోయిరి. దేశమంతయు పేరెరిగిన వీరునకు అద్దె కిచ్చుటకు డబ్బు లేక, తెలిసినవాని వ్యాయామశాలలో పండుకొని కాలము గడపిన దినములు కలవు. 1948లో చిన్న వేషమును, 1949లో మొదటి ప్రధానపాత్రయు దొరకెను. 1950 నుండి యూనివర్సల్ కంపెనీవారు నియమించుకొనిరి. అటుతరువాత గుఱ్ఱములును తుపాకులును గల పడమటి సీమ కథలు వరుసగ వచ్చినవి. 40కి పైగా నున్న ఆయన చిత్రములలో అధికభాగము ఇట్టివే. వానిలో ఒకదానికొకటికి భేదము చెప్పుట కష్టము. నటుడుగ తనకు ప్రతిభ లేదని ఆయనయే పరిహాసమాడెడివాడు. అది పూర్తిగ నిజము గాదు. జేమ్స్ స్టీవర్టుతో నటించిన 1957 నాటి చిత్రమును, 1959లో కిరాయిహంతకునిగ వేసిన వేషమును చూచినవారు ఆ మాట ఒప్పుకొనరు. శాంతముగ మాటలాడుచునే భయము గొల్పుట ఆయనకు తెలిసిన విద్య.

ఈ చిత్రములలో రెండింటిని గూర్చి మాత్రము నిలిచి చెప్పవలెను. మొదటిది 1951లో జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్’. స్టీఫెన్ క్రేన్ 1895లో ప్రకటించిన నవలకు చిత్రరూపము. అమెరికా అంతర్యుద్ధమున ఒక యువకుడు మొదటి పోరాటమునందే భయపడి పారిపోవును. తరువాత సిగ్గుపడి తిరిగివచ్చును. దేశములోకెల్ల ధీరుడని పతకము పొందినవానికి పారిపోవువాని వేషమిచ్చిరి! తిక్కనగారి విరాటపర్వము చదివినవారికి ఇందలి రుచి వెంటనే తెలియును. కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తిన ఉత్తరుని పాత్రను అర్జునునిచేత వేయించినట్లున్నది. కాని మర్ఫీ ఆ వేషమును ఎగతాళిగ వేయలేదు. భయపడినవాని కన్నులను ఆయన ఎరుగును. ఉత్తరుని భయమును చూచి మనము నవ్వుదుము. యుద్ధమును చూచినవాడు నవ్వడు కాబోలు. కంపెనీవారు ఆ చిత్రమును కోసికోసి 70 నిమిషములకు లోపునకు తెచ్చిరి. డబ్బు రాలేదు. ఆయన నటించినవానిలో నా మటుకు నాకు అదే శ్రేష్ఠము.

రెండవది ‘టు హెల్ అండ్ బ్యాక్’. 1949లో ఆ పేరుతో ఆయన ఆత్మకథ వెలువడెను. మిత్రుడు డేవిడ్ మెక్లూర్ దాని రచనలో తోడ్పడెను. 5వ తరగతి చదివినవానికి అట్టి సాయము కావలసియుండుటలో వింత లేదు. వింత యేమన, ఆ పుస్తకమున తన పతకములను గూర్చి గొప్పలు లేవు. చనిపోయిన సహచరుల కథయే హెచ్చు. కొందరి పేర్లు మార్చిరి. టిప్టన్‌ను బ్రాండన్ అనిరి. యూనివర్సల్‌వారు దానిని చిత్రముగ తీయదలచి, మర్ఫీనే మర్ఫీగ నటింపుమనిరి. ఆయన మొదట ఒప్పుకొనలేదు. టోనీ కర్టిస్‌ను తీసికొండని చెప్పెను. తుదకు ఒప్పుకొనెను. 1955లో చిత్రము విడుదలయ్యెను. జనము విరుగబడి చూచిరి. యూనివర్సల్ కంపెనీకి అది గొప్ప రాబడి తెచ్చెను.

ఆ చిత్రమును తీసినది వాషింగ్టను రాష్ట్రములోని సైనికశిక్షణ భూములలో. హోల్ట్‌స్‌విర్ వద్ద మోకాలిలోతు మంచు. తెరపై మంచు లేదు. నాడు మండినది ఒక జాతి శకటము. తెరపై మండినది మఱొక జాతి ట్యాంకు. ఇవి చిన్న సంగతులు. పెద్ద సంగతి వేఱొకటి. బ్రాండన్ అను పేరు పెట్టుకొన్న నటుడొకడు ఆయన ప్రక్కన లేచి నిలువబడి, గుండు తగిలినట్లు పడిపోవలెను. మర్ఫీ నిజముగ తన చేతులలో చూచిన చావును మరల చూడవలెను. చక్కగ కుదరకున్న మరల తీయుదురు. మరల పడిపోవలెను.

భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకమున నిట్టిదొకటి కలదు. లక్ష్మణుడు తమ కథను చిత్రించిన పటములను సీతారాములకు చూపును. శూర్పణఖను చూడగనే సీత బెదరును. ఇది చిత్రమే గదా యని రాముడామెను ఊరడించును. కాని జనస్థానపు ఘట్టము వచ్చునప్పటికి ఆ ఊరడించినవాని కన్నులనే నీరు కారును. పటమని తెలిసియు దుఃఖమాగదు. భవభూతి ఈ సంగతిని ఏ వైద్యగ్రంథమును చూచి వ్రాసినవాడు గాడు. రాముడు చూచువాడు మాత్రమే. మర్ఫీ పటమునందు దిగి నడువవలసివచ్చినవాడు. దానికి కూలి పుచ్చుకొన్నవాడును.

ఆయనకు నిద్ర లేదు. యుద్ధము ముగిసిన నాటినుండి పీడకలలు. తలగడ క్రింద గుండ్లు నింపిన పిస్తోలు పెట్టుకొని పండుకొనెడివాడు. 1949లో నటి వాండా హెండ్రిక్స్‌ను పెండ్లాడెను. రెండేండ్లకే విడాకులైనవి. ఆయన తనపై తుపాకి గుఱిపెట్టిన సందర్భము కలదని ఆమె తరువాత చెప్పెను. లోకమునకు వీరుడు, ఇంటిలో నున్నవారికి భయకారణము. దీనిని దాచి చరిత్ర వ్రాయుట న్యాయము గాదు. 1951లో పమేలా ఆర్చరును వివాహమాడెను. ఇరువురు కుమారులు కలిగిరి. నిద్రకై మాత్రలు వాడి వాడి, వానికి దాసుడైనట్లు తెలిసికొని, 1960 తరువాత ఒకమారు హోటలు గదిలో తలుపు వేసికొని వారము దినములు ఒంటరిగ ఆ యలవాటుతో పోరాడి విడిపించుకొనెను.

దీనిని ఆయన దాచుకొనలేదు. ఇది నా దృష్టిలో హోల్ట్‌స్‌విర్ కంటె చిన్న సంగతి గాదు. ఆ కాలమున ఇట్టి బాధను యుద్ధపుటలసట యనెడివారు. మొదటి ప్రపంచయుద్ధకాలమున గుండ్లదెబ్బకు మతి చెదరుట యనిరి. పిరికితనమని అనుకొన్నవారును కొల్లలు. ఎవరిని పిరికివాడనుటకు ఎవరికిని నోరు రాదో, అట్టివాడే లేచి తనకు నిద్రపట్టుటలేదని చెప్పెను. కొరియా, వియత్నాం యుద్ధములనుండి తిరిగివచ్చినవారి మనోవ్యాధికి ప్రభుత్వము చికిత్స చేయవలెనని కోరెను. అమెరికా మానసికవైద్యుల సంఘము ఆ వ్యాధికి పేరు పెట్టి తన గ్రంథమున చేర్చినది 1980లో. అప్పటికి ఆయన పోయి 9 ఏండ్లు.

కురుక్షేత్రము గెలిచిన ధర్మరాజు రాజ్యము నాకు వలదని ఏడ్చుటను మనవారు పురాణకాలక్షేపములలో వేగముగ దాటించెదరు. పట్టాభిషేకమునకు త్వరపడుట. మన యూళ్లలోను పటాలమునుండి పింఛను పుచ్చుకొని వచ్చినవారు కలరు. వారిని అరుగుమీద కూర్చుండబెట్టి సరిహద్దు కథలు చెప్పుమందుము. మామా, ఎందరిని చంపితివని పిల్లలడుగుదురు. రాత్రి నిద్రపట్టుచున్నదా యని అడిగినవారిని నేనెరుగను.

చివరి సంవత్సరములు బాగుగ గడువలేదు. గుఱ్ఱపుపందెములు, పేకాట ఆయన వ్యసనములు. వచ్చిన డబ్బంతయు వానిలో పోయెను. 1968లో దివాలా ప్రకటించుకొనెను. మద్యమునకును సిగరెట్లకును ప్రచారము చేసిన డబ్బిత్తుమని కంపెనీలు వచ్చినను, పిల్లలు చెడుదురని ఒప్పుకొనలేదు. ఆకలి తెలిసినవాడు, అప్పులలో నున్నవాడు, ఆ డబ్బును కాదనెను. జూదరి యని తీసివేయువారు ఈ జమను గూడ వ్రాసికొనవలెను.

1971 మే 28వ తేదీన వ్యాపారకార్యమై పోవుచుండగా, ఆయన ఎక్కిన చిన్న విమానము వానలో, పొగమంచులో, వర్జీనియా రాష్ట్రమున రొనోక్ సమీపమునందలి బ్రష్ కొండను కొట్టుకొనెను. అందున్నవారందరు మరణించిరి. ఆయనకు 45 ఏండ్లు. జూన్ 7వ తేదీన ఆర్లింగ్టనున సైనికమర్యాదలతో సమాధి చేసిరి. మెడల్ ఆఫ్ ఆనర్ పొందినవారి శిలలకు బంగారుపూత వేయుట అచటి యాచారము. ఈయన శిల మాత్రము సాధారణసైనికుని శిలవలె తెల్లగ నున్నది. 1973లో సాన్ ఆంటోనియోలోని మాజీసైనికుల ఆసుపత్రికి ఆయన పేరు పెట్టిరి.

పమేలాకు భర్త మిగిల్చినవి అప్పులు. ఆమె ఇల్లు విడిచి చిన్న వాటాలోనికి మారి, లాస్ ఏంజలిస్ ప్రాంతమున సెపుల్వెడాలోని మాజీసైనికుల ఆసుపత్రిలో ఉద్యోగమున చేరెను. సుమారు 35 ఏండ్లు అచటనే పనిచేసెను. చికిత్సకై వచ్చి, కాగితములతో ఈ గదినుండి ఆ గదికి తిరిగి అలసిన సైనికులను, ఎంతటి బీదవానినైనను పేరునకు ముందు మిస్టర్ చేర్చి గౌరవముగ పిలిచి, వరుస తప్పించి వైద్యునియొద్దకు తానే వెంటబెట్టుకొని పోయెడిది. 2010 ఏప్రిలులో, 90 ఏండ్ల వయస్సున ఆమె మరణించెను.